మిన్నెటోంకాలో మస్కీ లూర్లు: ఏది కొన్నాను, ఏది పక్కన పెట్టాను

ముందే చెప్పేస్తున్నాను. మస్కీ అనే పెద్ద మంచినీటి చేప కోసం వాడే లూరు, అంటే కృత్రిమ ఎర, నీళ్లలో ఎంత ముచ్చటగా ఈదుతుందో, దాని మీద రంగులు ఎంత బాగున్నాయో చూసి నేను కొనను. విసిరిన లూరు తిరిగి పడవ పక్కకు చేరి, గాలం కర్ర కొసన అడుగున్నర దారం మాత్రమే మిగిలినప్పుడు అది ఏం చేస్తుందో చూసి కొంటాను. ఈ ఒక్క కొలత పెట్టుకున్నాక నా పెట్టెలో సరుకు సగానికి తగ్గింది. మిగిలిన సగం ఎందుకు మిగిలిందో, ఒకదాని విషయంలో ఈ కొలతను నేనే ఎందుకు సడలించానో రాస్తున్నాను.

నేను ఉండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌కు పడమటి శివార్లలో. వేట దాదాపుగా అంతా మిన్నెటోంకా సరస్సులోనే. పేరుకు ఒకే సరస్సు. కానీ 14 వేల ఎకరాలు దాటిన ఆ నీరు చిన్నా పెద్దా పాయలుగా, వాటిని కలిపే ఇరుకు కాలువలుగా చీలి ఉంటుంది. జూలై నెలలో ఆదివారం పగటిపూట అక్కడ మస్కీ కోసం వెళ్లడమంటే సంత మధ్యలో కూర్చుని సంగీత సాధన చేయడమే. స్కీ పడవలు, పాటల పడవలు, వాటి అలలు. అందుకే ఆసుపత్రి ల్యాబులో నా సాయంత్రం షిఫ్టు అయ్యాక, ఆ సందడి సద్దుమణిగాక బయలుదేరతాం. మా ఆయన శాకాహారి. చేప ముట్టరు గానీ వల పట్టడంలో ఆయనకు సాటి లేరు. విద్యుత్ మోటారు కూడా ఆయన చేతిలోనే ఉంటుంది.

నా ఎత్తు ఐదడుగులు. కుడి భుజానికి పాత నొప్పి ఉంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మస్కీ సామాను గురించి సలహాలిచ్చే వారిలో ఎక్కువమంది ఆరడుగుల మగవాళ్లు. వాళ్లు రోజంతా హాయిగా లాగవచ్చని మెచ్చుకున్న లూరు గంట తిరిగేసరికి నా భుజం పట్టేలా చేస్తుంది. నా శరీరం లాంటి శరీరం ఉన్నవారు ఈ అభిప్రాయాలను ఆ లెక్కలోనే చదువుకోండి.

మస్కీ అంటే తెలియనివారికి రెండు మాటలు. పూర్తి పేరు మస్కలంజ్. పైక్ కుటుంబానికి చెందిన ఉత్తర అమెరికా మంచినీటి చేప. పొడవాటి ఒళ్లు, చదునైన మూతి, నోటినిండా పళ్లు. నాచు అంచున కదలకుండా పొంచి ఉండి ఒక్క ఉదుటున మీద పడుతుంది. మన కొర్రమీను కూడా పొంచి కొట్టేదే కాబట్టి, ఊళ్లో దానికి గాలం వేసినవారికి దీని స్వభావం సగం అర్థమైనట్టే. మిగతా సగమే మనుషులను పిచ్చివాళ్లను చేసేది. లూరు వెంట పడవ దాకా వచ్చి, దాన్ని ఒకసారి చూసి, కొట్టకుండా కిందికి దిగి వెళ్లిపోతుంది. దీన్ని ఇక్కడ పదివేల విసుర్ల చేప అంటారు. పక్కనున్న విస్కాన్సిన్ 1955లో దీన్ని తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. అక్కడి హేవార్డ్ ఊళ్లో మస్కీ ఆకారంలో 143 అడుగుల పొడవున్న ఫైబర్‌గ్లాస్ కట్టడం ఉంది, మెట్లెక్కి దాని నోట్లో నిలబడి ఊరు చూడవచ్చు. ఒక చేప మీద అంత మోజు ఉన్న జనం వీళ్లు.

మిన్నెసోటాలో సీజన్ జూన్ మొదటి శనివారం మొదలై డిసెంబర్ 1న ముగుస్తుంది. ఇంటికి తీసుకెళ్లాలంటే చేప కనీసం 54 అంగుళాలు ఉండాలి. అంటే నాలుగున్నర అడుగులు, నా మెడ దాకా. అంత చేప పడినా ఇక్కడ ఎవరూ ఉంచుకోరు, నెమ్మదిగా పెరిగే జాతి అని తెలుసు కాబట్టి. ఫొటో తీసి వదిలేయడమే. భీమవరంలో మా అమ్మకు ఇది ఎప్పటికీ మింగుడుపడదు. చెరువులో రొయ్యకు కూడా లెక్క రాసే ఊరు మాది. "వదిలేయడానికా అర్ధరాత్రి దాకా మెలకువగా ఉన్నావు?" అంటుంది ఫోనులో. పులుసు పెట్టని చేప కథ ఆవిడ చివరిదాకా వినదు.

ఇక నా కొలత గురించి. మస్కీ పడవ దాకా వెంటపడి వస్తుంది కాబట్టి వేటలో అసలు ఘట్టం పడవ పక్కనే జరుగుతుంది. అక్కడ లూరును పైకి లేపేయకుండా, కర్ర కొసను నీళ్లలోకి దించి, 8 అంకె గీస్తున్నట్టు తిప్పుతారు. ఫిగర్ ఎయిట్ అంటారు. చెప్పడానికి తేలిక. చేసేవాళ్లలో చాలామంది చిన్న పిల్లలు పలక మీద రాసినంత చిన్న ఎనిమిది గీస్తారు. నాలుగడుగుల చేప అంత ఇరుకు మలుపు తిరగలేదు. మలుపు దగ్గర లూరును పోగొట్టుకుంటుంది, ఆసక్తి చచ్చి వెళ్లిపోతుంది. అది ఎనిమిది కంటే కోడిగుడ్డు ఆకారానికి దగ్గరగా, వీలైనంత వెడల్పుగా ఉండాలి. మొదటి మలుపు అన్నిటికంటే ముఖ్యం. లూరు పడవ వైపు సూటిగా వస్తుండగానే, ఇంకా ఆగకముందే, కర్రను పక్కకు తిప్పడం మొదలుపెట్టాలి. మలుపులోకి వెళ్లేటప్పుడు కొంచెం లోతుకు, బయటికి వచ్చేటప్పుడు కొంచెం పైకి, కొంచెం వేగంగా. చేప కనిపించినా కనిపించకపోయినా ప్రతి విసురు చివరా ఇది చేయాలి. రాత్రి అయితే అసలు కనిపించదు కదా.

నేను తొమ్మిదడుగుల కర్ర వాడడానికి కారణం ఇదే. దూరం విసరడానికి కాదు, వెడల్పుగా తిప్పడానికి. పొట్టివాళ్లకు పొట్టి కర్ర ఇవ్వడం దుకాణాల వాళ్ల అలవాటు. మస్కీ విషయంలో అది తలకిందుల సలహా. నేను పడవ అంచున మోకాళ్లు ఆనించి తిప్పుతాను, నడుము మీద భారం పడదు.

ఆగస్టులో ఒక రాత్రి లైట్లన్నీ ఆర్పి ఉన్నాం. గిర్రున తిరిగే నల్ల లోహపు రేకులున్న లూరు పక్కకు వచ్చింది, మొదటి మలుపు తిప్పాను, ఏమీ లేదు. రెండో మలుపులో రేకుల అదురు చేతికి ఒక్కసారిగా ఆగింది. నాచు పట్టిందనుకునే లోపు చేప కర్రను పడవ కిందికి, పక్కకు లాగేసుకుంది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది, బకెట్టు నీళ్లు ఎత్తి కుమ్మరించినట్టు. అప్పుడు కర్రను పైకి ఎత్తకూడదు. ఎత్తితే తెరిచిన నోట్లోంచి లూరు ఊడి మన ముఖం మీదికి వస్తుంది. చేప ఏ దిక్కుకు పోతుంటే దానికి ఎదురు దిక్కుకు, పక్కకు, నీళ్లకు దగ్గరగా గట్టిగా లాగాలి. మా ఆయన నోరెత్తకుండా వల దించారు. తల వలలోకి వచ్చాక హెడ్‌లైటు వేస్తే వెండి రంగు ఒంటి మీద మసక చుక్కలు, మొప్ప కింద లేత గులాబీ రంగు. లీచ్ లేక్ అనే మిన్నెసోటా సరస్సు నుంచి వచ్చిన రకం. 1980ల నుంచి రాష్ట్రం సరస్సుల్లో వదులుతున్న మస్కీ పిల్లలు ఈ రకానివే.

ఆ రాత్రి వాడినది షోగర్ల్. మస్కీ మేహెమ్ కంపెనీ డబుల్ కౌగర్ల్‌కు చెల్లెలు అనుకోండి. డబుల్ కౌగర్ల్‌లో పదో నంబరు సైజు రేకులు రెండు, వాటి వెనక జుట్టులా వేలాడే మెరుపు దారాల గుత్తి. మిన్నెసోటా మస్కీ వేటను పెద్ద రేకుల వైపు మళ్లించిన లూరు అది. ఆ రెండు రేకులు తిరిగితే పుట్టే అదురు కర్ర పిడి దాకా తెలుస్తుంది. నా కొలతలో దానికి పూర్తి మార్కులు. మలుపులో కూడా రేకులు ఆగవు, గుత్తి ముడుచుకుపోదు. కానీ ఆ అదురుకు ఖరీదు నా భుజం కట్టాలి. పదో నంబరు రేకులు నీళ్లను అంతగా పట్టి లాగుతాయి. దారం చుట్టే రీలు తక్కువ గేరు నిష్పత్తిది పెడితే కొంత నయం, అయినా గంటకు మించి నా వల్ల కాదు. షోగర్ల్‌లో ఎనిమిదో నంబరు రేకులు ఉంటాయి. అదురు కొంచెం తక్కువ, లాగుడు చాలా తక్కువ. నేను కొనమనేది ఇదే. బలమున్నవాళ్లు పెద్దది కొనుక్కోండి.

రేకుల లూర్లతో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. నీళ్లలో పడిన క్షణమే చుట్టడం మొదలుపెట్టాలి, లేకపోతే మునిగి నాచులో కూర్చుంటుంది. మిన్నెటోంకాలో 1987లో బయటపడిన యురేషియన్ మిల్ఫాయిల్ అనే నాచు వేసవిలో పైదాకా పెరుగుతుంది. ఒక్క పోగు రేకుకు చుట్టుకున్నా లూరు చచ్చినట్టే. రాత్రి అది కంటికి కనిపించదు, చేతికి తెలుస్తుంది. అదురు ఆగిపోయిందంటే లాగేసి శుభ్రం చేసి మళ్లీ విసరాలి. ఆగస్టు వేడి నీళ్లలో వేగంగా, జూన్‌లోనూ సెప్టెంబర్ చివరా నెమ్మదిగా చుట్టాలి.

రంగు గురించి నన్ను అడగకండి. రాత్రికి నలుపు. పగటికి ఏదో ఒకటి. కింద నుంచి చూసే చేపకు ఆకాశం మీద నీడ కనిపించాలి, అంతే. నలభై రంగుల్లో ఒకే లూరు అమ్మడం మన బలహీనత మీద నడిచే వ్యాపారం.

కొత్తవారికి మాత్రం మెప్స్ మస్కీ కిల్లర్ చెబుతాను. ఒక్క ఐదో నంబరు రేకు, జింక వెంట్రుకల తోక, ముక్కాలు ఔన్సు బరువు. పెద్ద లూర్ల ధరలో సగానికే వస్తుంది. ఫ్రాన్స్‌లో పుట్టిన ఈ పేరును విస్కాన్సిన్‌లోని యాంటిగో ఊరు సొంతం చేసుకుంది. స్పిన్నర్లు అనే తిరిగే రేకుల లూర్లకు తోకలు కట్టడానికి వేటగాళ్ల దగ్గర ఉడుత తోకలు కొనే కంపెనీ ఇది. నాకు ఆ సంగతి తెలిసిన రోజు మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది, అది ఇక్కడ అనవసరం. చిన్నదైనా మలుపులో చక్కగా తిరుగుతుంది, ఎనిమిది గీయడం నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. ఒక ఇబ్బంది ఉంది. మస్కీకి వాడే బరువైన కర్రతో, 80 పౌండ్ల బరువు తట్టుకునే అల్లిన దారంతో ముక్కాలు ఔన్సు లూరు దూరం పోదు. కొంచెం తేలికైన కర్ర కావాలి. చలిగాలులు దిగి చేపలు ముడుచుకున్న రోజున, పెద్దవాటిని చూసి కూడా కదలని మస్కీ దీన్ని కొడుతుంది.

బుల్ డాగ్ అనేది మస్కీ ఇన్నొవేషన్స్ వాళ్ల రబ్బరు చేప, వంకీ తిరిగిన తోకతో. కర్రతో ఒక లాగు లాగి, వదిలి, ముక్కు కిందికి పెట్టి దిగనివ్వాలి. దెబ్బ దాదాపుగా దిగేటప్పుడే పడుతుంది కాబట్టి దారం వదులుగా వేలాడకూడదు. అలాగని బిగించినా దిగదు. ఈ మధ్యస్థం చేతికి రావడానికి కొంత కాలం పడుతుంది. పెద్ద సైజుల్లో ఒకదాని పేరే పౌండర్, బరువు పేరుకు తగ్గట్టే. దాన్ని దుకాణంలో చేతిలోకి తీసుకుని మర్యాదగా మళ్లీ కొక్కేనికి తగిలించి వచ్చాను. తొమ్మిది అంగుళాల మామూలు సైజు నాకు చాలు. మలుపులో తోక ఆడుతూనే ఉంటుంది, పైగా లోతుకు దించి తిప్పవచ్చు. ఇది దీని బలం. మస్కీ పళ్లకు రబ్బరు చీలుతుంది, అది రబ్బరు నైజం. వేడి చేసిన చాకు అంచును చీలిక మధ్య పెట్టి, కరిగాక తీసి నొక్కి పట్టుకుంటే అతుక్కుంటుంది. కిటికీ తెరిచి చేయండి, ఆ వాసన రెండు రోజులు ఉంటుంది.

అక్టోబర్ దాటాక నా చేతిలో ఉండేది ఇదే. నీళ్లు చల్లబడే కొద్దీ చేప వెంట పరిగెత్తదు, ముందు దిగేదాన్ని కొడుతుంది. ఉత్తరాన మిల్ లాక్స్ సరస్సులో అప్పుడు టులిబీ చేపలు గుడ్లు పెట్టడానికి మెరక రాళ్ల మీదికి వస్తాయి, వాటి వెనక మస్కీలు. మిన్నెసోటా రికార్డు చేప, 55 పౌండ్ల 14.8 ఔన్సులది, 2021 నవంబర్ 22న అక్కడే పడింది. నవంబర్‌లో కర్ర రింగుల్లో మంచు గడ్డకట్టి దారం కదలదు. ప్రతి పది విసుర్లకూ కర్రను నీళ్లలో ముంచి కరిగించుకోవాలి. ఇష్టం ఉంటేనే వెళ్లండి.

ఇప్పుడు కొలతలో తప్పినా పెట్టెలో ఉన్నది. సూయిక్. ఇదీ యాంటిగో సరుకే. బల్లపరుపు కర్రముక్క, వెనక వంచుకోగలిగే ఒక లోహపు రేకు. అంతకంటే ఏమీ లేదు. లాగితే ముక్కు దించి మునుగుతుంది, ఆపితే తోక వైపు నుంచి వెనక్కి తేలుతుంది. వెనక రేకును కిందికి ఎంత వంచితే అంత లోతుకు పోతుంది. దీన్ని తయారుచేసిన ఫ్రాంక్ సూయిక్ వరసగా ముప్పై రోజులు రోజుకో మస్కీ పట్టాడని ఆ ప్రాంతంలో కథగా చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఎనిమిది గీయడానికి ఇది పనికిరాదు. తేలే చెక్క కదా, మలుపులో పైకే వస్తుంది. ఒక్క మలుపు తిప్పి ఎత్తేస్తాను. మరి ఎందుకు ఉంచానంటే, నాచు కొసల మీద దీనిలా పనిచేసేది నాకు మరొకటి దొరకలేదు. ముక్కు నాచుకు తగలగానే ఆపితే, వచ్చిన దారినే వెనక్కి జారి బయటికి వస్తుంది. రేకుల లూర్లు అక్కడ రెండు క్షణాలు బతకవు. వెనక్కి తేలే ఆ ఆగుడులోనే చేప కొడుతుంది, పడవకు దూరంగా. దూరంగా కొట్టే లూరుకు పడవ పక్క పరీక్ష పెట్టడం న్యాయం కాదని దీనికి మినహాయింపు ఇచ్చాను.

వాపర్ ప్లాపర్ 190 సంగతి వేరు. రివర్ టు సీ కంపెనీ కోసం లారీ డాల్బర్గ్ రూపొందించిన నీటిమీద తేలే లూరు. తోక గిర్రున తిరుగుతూ బుడుంగు బుడుంగుమని చప్పుడు చేస్తుంది. గాలి లేని రాత్రి ఆ చప్పుడు అవతలి ఒడ్డు దాకా వినిపిస్తుంది. నెమ్మదిగా, ఒకే తాళంలో చుట్టాలి, మధ్యలో ఆపకూడదు. చీకట్లో చేప ఆ చప్పుడునే గురిచూస్తుంది. తాళం తప్పితే గురి తప్పుతుంది. పక్కకు వచ్చాక కర్ర కొసను నీటి మట్టానికి ఉంచి వెడల్పుగా తిప్పితే మలుపులోనూ చప్పుడు ఆగదు. దీనితో కష్టమల్లా మన నరాలకే. నీళ్లు పేలిన చప్పుడు వినగానే లాగేస్తాం. అది తప్పు, చేతికి బరువు తగిలాకే లాగాలి. దీన్ని వాడేటప్పుడు మా ఆయన నాతో మాట్లాడరు, నేనూ ఆయనతో మాట్లాడను. దాంపత్యానికి ఏమో గానీ వేటకు మంచిది.

ఆన్‌లైన్‌లో అయిదారు డాలర్లకు అచ్చం వీటిలాగే కనిపించే పేరులేని నకళ్లు దొరుకుతాయి. ఒకటి తెప్పించాను. రేకులు తిరిగాయి, రంగు బాగుంది, మలుపు కూడా బాగా తిరిగింది. చేప పడ్డాక కొక్కేన్ని లూరుకు కలిపే రింగు సాగి తెరుచుకుంది. డబ్బు పోవడం కాదు ఇక్కడ గొడవ. కొక్కెం చేప దవడలో ఉండిపోయింది. తిరిగి వదిలేసే చేపకు అలా చేసే హక్కు మనకు లేదు.

అందుకే లూర్ల కంటే ముందు కొనవలసినవి వేరే ఉన్నాయి. రబ్బరు పూత ఉన్న, లోతైన పెద్ద వల. మామూలు వల చేప జిగురును, రెక్కలను చీల్చేస్తుంది. లూరుకు ముందు కట్టే దృఢమైన దారపు ముక్క, అంటే 100 నుంచి 130 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడరు, లేకపోతే పళ్లు దారాన్ని కోసేస్తాయి. పొడవు ముక్కు ఉన్న పట్టకారు. అన్నిటికంటే ముఖ్యం, కొక్కేలు కత్తిరించే చిన్న బోల్టు కట్టరు. చేపను పడవలోకి ఎత్తకూడదు. వలను పడవ అంచుకు ఆనించి నీళ్లలోనే ఉంచి, దవడ మూలలో మూడు ముళ్ల కొక్కెం ఎలా దిగిందో చూడాలి. తేలిగ్గా వస్తే పట్టకారుతో తీయడం, రాకపోతే ముల్లు మెడ దగ్గర కటుక్కున కత్తిరించడం. ముక్కలు రెండు పక్కలకు ఊడి వస్తాయి. కొక్కెం ఖరీదు ఒకటి రెండు డాలర్లు, ఆ పీకులాటలో చేపకు పోయే ఊపిరికి ఖరీదు లేదు. నీటి ఉష్ణోగ్రత 80 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే మేము ఇంట్లోనే ఉంటాం. ఆ వేడిలో అలసిన చేప, ఈదుకుంటూ వెళ్లినా, తర్వాత బతకకపోవచ్చు. లూరు ఎంత మంచిదైనా ఆ వారం పెట్టెలో ఉండవలసిందే.

చివరిగా ఒక ఫిర్యాదు, ఏ ఒక్క కంపెనీ మీదా కాదు, దాదాపు అందరి మీదా. ముప్పై డాలర్లు తీసుకుని కూడా కొక్కేలు నాకు కావలసినంత పదునుగా ఇవ్వరు. గోరు మీద ముల్లును ఆనించి జరపండి. గీత పడి ఆగాలి, జారితే పదును లేనట్టే. మస్కీ నోరంతా ఎముక, మొండి ముల్లు దిగదు. నేను కొత్త లూరు ప్రతిదాన్నీ నీళ్లలో వేయకముందే వంటింటి బల్ల మీద పెట్టుకుని చిన్న ఆకురాయితో మూడు వైపులా రుద్దుతాను. ఆకురాయి ఏ ఇనుప సామాన్ల కొట్లోనైనా దొరుకుతుంది, అయిదు డాలర్లు కూడా కాదు. షోగర్ల్‌తో పాటే కొనుక్కోండి.